ప్రకృతిపాఠమును పరభాషలో చెప్పుట

ఈ దినమున నేను ప్రసంగింపబూనిన విషయము పైకి బడిపంతుళ్లకు మాత్రమే సంబంధించినదిగా గనుపడును. ఇంగ్లీషును ఇంకను నేర్చుకొనుచున్న మన తెలుగు బాలబాలికలకు ఆ యింగ్లీషులోనే పరిసర విజ్ఞానమును బోధించుట యెట్లు అనునది ప్రశ్న. దీనికొక చరిత్ర కలదు. ఆ చరిత్ర తెలిసినచో ప్రశ్నకు సమాధానము సగము దొరకునని నా నమ్మకము.

పరిసర విజ్ఞానమనగా మనము త్రాగు నీరు, పీల్చు గాలి, దున్ను నేల, మనతో గూడ బ్రతుకు పశుపక్ష్యాదులు, చెట్టుచేమలు, వీని పరస్పర సంబంధమును దెలుపు శాస్త్రము. తక్కిన శాస్త్రములకును దీనికిని ఒక భేదము కలదు. రసాయన శాస్త్రములోని మూలకముల పేళ్లను బాలుడు బడికి వచ్చిన పిమ్మటనే తొలిసారి వినును. పరిసర విజ్ఞానములోని వస్తువులనో, పలక పట్టకమునుపే యెరుగును. వానిని పేరుపెట్టి పిలుచును. ఆ పేళ్లు తెలుగు పేళ్లు. బడిలో వానికి వేరు పేళ్లు వినబడును. ఒకే వస్తువునకు ఇంటిలో నొక పేరు, బడిలో నొక పేరు. ఈ రెండింటికిని నడుమ వంతెన కట్టినవాడే ఉపాధ్యాయుడు. కట్టనిచో బాలుని మనస్సులో రెండు లోకములు వేరువేరుగా నుండిపోవును.

చరిత్రను వెనుకకు మరలి చూచినచో ఒక వింత కనుపడును. ఈ వంతెనను మొదట దాటినవాడు తెలుగు బాలుడు గాడు. సీమనుండి వచ్చిన పండితుడే. పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు 1781లో విశాఖపట్టణమునకు వచ్చి, 1785లో ఈస్టిండియా కంపెనీవారి ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా నియమింపబడెను. పాముకాటువలన ప్రజలు మరణించుట చూచి, ఏ పాము విషముగలది, ఏది విషములేనిది యని తెలిసికొనగోరెను. 1796లో కోరమండల తీరపు సర్పములను గూర్చి ఆయన గ్రంథమొకటి లండనులో వెలువడెను. అందు ఆయన పాములకు ఇంగ్లీషు పేళ్లు కల్పింపలేదు. మనవారు పిలుచు పేళ్లనే వ్రాసికొనెను. నేడు లోకమంతయు రస్సెల్ వైపరు అని పిలుచు రక్తపింజరికి ఆయన పుస్తకములోని పేరు కాటుకరేకుల పొడ. దాని వీపుమీది నల్లని యంచుగల మచ్చలను చూచినవారికి ఆ పేరెంత చక్కగా పెట్టబడినదో వేరుగ చెప్పనక్కరలేదు. మరియొక దానిని బంగారు పాము అని వ్రాసెను. 1803లో దోదెన్ అను ఫ్రెంచి పండితుడు ఆ మాటను లాటినీకరించి, కట్లపాముల జాతికంతకును బుంగారస్ అని నామకరణము చేసెను. నేడు ఏ దేశపు విద్యార్థియైనను కట్లపామును శాస్త్రనామముతో బిలిచినచో మన బంగారమను మాటనే పలుకుచున్నాడు.

రస్సెల్ తరువాత 1789లో ఆ పదవికి వచ్చినవాడు విలియం రాక్స్‌బర్గు. ఈయన అంతకుముందే సామర్లకోటలో తోట వేసి, ఆ ప్రాంతపు వృక్షములను పరీక్షించుచుండెను. వానలను, గాలి యొత్తిడిని కొలిచి వ్రాసికొనుచుండెను. కరవు కాలములందు ప్రజలను ఆదుకొనగల ఫలవృక్షములను విరివిగా నాటవలెనని కంపెనీవారికి సూచించెను. 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటములుగా వెలువడిన ఆయన కోరమండల వృక్షముల గ్రంథమున మూడువందల చిత్రపటములు కలవు. వానికి మూలమైన బొమ్మలను వ్రాసినవారు మన దేశపు చిత్రకారులు. వారి పేళ్లు మాత్రము మనకు దక్కలేదు. అందును మొక్కలకు తెలుగు పేళ్లు ఇవ్వబడినవి. సోమిద చెట్టు బెరడు జ్వరమును మాన్పునని మనవారివలన విని ఆయన దానిని వర్ణించెను. పిమ్మట వృక్షశాస్త్రజ్ఞులు ఆ చెట్టు ప్రజాతికి సోయ్‌మిడా అనియే పేరిడిరి. ఇంగ్లీషు నిఘంటువులోని బాండికూట్ అను మాట మన పందికొక్కే యని మీలో పలువురు ఎరిగియుందురు.

దీనినిబట్టి తేలునదేమి? ఆ పండితులు మన తీరమునకు వచ్చినప్పుడు వారును పరభాషలో ప్రకృతిపాఠము నేర్చుకొనిన విద్యార్థులే. వారికి గురువులు మన బెస్తలు, పాములవాండ్రు, కాపులు, వైద్యులు. వారు మొదట వస్తువును చూచిరి; తరువాత దాని పేరడిగిరి; ఆ పేరు పెట్టుటకు గల కారణమును విచారించిరి; ఆపైని తమ భాషలో వివరించి వ్రాసిరి. ఈ క్రమమును మీరు మనస్సునందుంచుకొనవలెనని ప్రార్థన. దీనితో మనకు ముందు పని గలదు.

ఇక ఈ ప్రవాహము ఎదురు తిరిగిన విధమును చెప్పెదను. 1835లో మెకాలే మంత్రాంగముచే కంపెనీ ప్రభుత్వపు విద్యావ్యయము ఇంగ్లీషు చదువువైపునకు మరలెను. 1854లో సర్ చార్లెస్ వుడ్ పంపిన విద్యాలేఖలో, ఐరోపా విజ్ఞానమును సామాన్య ప్రజలకు దేశభాషలద్వారానే అందింపవలెనని స్పష్టముగా నుండెను. కాని 1857లో చెన్నపురి విశ్వవిద్యాలయము స్థాపింపబడిన పిమ్మట, పరీక్షయు ఉద్యోగమును ఇంగ్లీషునందే యుండుటచే, ఆ మాట చాలవరకు కాగితముమీదనే నిలిచిపోయెను. తెలుగువాని నోటినుండి ఇంగ్లీషులోనికి వెళ్లిన పాము పేరును, చెట్టు పేరును తెలుగువాని మనుమడు ఇంగ్లీషు పుస్తకమునుండి వల్లించుకొనవలసిన కాలము వచ్చెను.

ఈ లోపమును దీర్పబూనినవారు లేకపోలేదు. 1906లో కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారును వారి మిత్రులును హైదరాబాదునందు విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించిరి. చరిత్రములతోపాటు జీవశాస్త్రము, రసాయన శాస్త్రము, పదార్థ విజ్ఞాన శాస్త్రము మున్నగువానిని తెలుగున వ్రాయించి తక్కువ వెలకు ఇంటింటికి జేర్చిరి. 1968లో తెలుగు అకాడమి యేర్పడి, కళాశాల చదువునకు వలయు గ్రంథములను, పరిభాషను సమకూర్చెను. ఈ కృషికి మనము ఋణపడియున్నాము. అయినను ఒక మాట చెప్పక తప్పదు. ఆకు వెలుతురుతో ఆహారము సిద్ధపరచుకొను పనికి కిరణజన్య సంయోగక్రియ యని మనవారు పేరిడిరి. ఆ పేరు సార్థకమైనదే. సంస్కృతము చదువుకొనిన నాకది విడమరచిన వాక్యమువలె దోచును. పల్లెటూరి బాలునికి మాత్రము అదియు, దానికి సమానమైన ఇంగ్లీషు మాటయు ఒకే దూరమున నుండును. కావున భాష తెలుగైనంతమాత్రమున పాఠము తెలియునని తలపరాదు.

మా పండితవర్గమువారికిని ఇది వర్తించును. అమరకోశమున వనౌషధివర్గము, సింహాదివర్గము, వారివర్గము కలవు. వానిని బాల్యముననే కంఠస్థము చేసితిమి. ఒక్క చెట్టునకు పదిపన్నెండు పర్యాయపదములు చెప్పగలవాడు తోటలోనికి బోయి ఆ చెట్టును చూపలేకపోవుట నేను పలుమారులు చూచితిని. వస్తువును విడిచిన పదము ఏ భాషయందైనను పొల్లే. వల్లె వేయుట ఇంగ్లీషు చదువుతో వచ్చిన రోగము గాదు.

పదము శాస్త్రజ్ఞుల నోట నశించినను జనుల నోట బ్రతికియుండుటకు ఒక నిదర్శనము చెప్పెదను. 1848లో శాస్త్రలోకమునకు పరిచయమై, జెర్డాన్ అను పండితుని పేరిట వ్యవహరింపబడు పక్షి యొకటి కలదు. ఈ జెర్డాన్ నెల్లూరిలో వైద్యుడుగా నుండినవాడు. తన పక్షిశాస్త్రమున తెలుగు పేళ్లను చేర్చినవాడు. 1900 తరువాత ఆ పక్షి శాస్త్రజ్ఞుల కంటబడలేదు. నశించినదనియే యెంచిరి. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల ప్రాంతమున, స్థానికుడైన వేటగాని సాయముచే బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారికి అది మరల దొరకెను. పుస్తకములలో లేదనుకొన్న ఆ పక్షికి అక్కడివారి నోట పేరుండెను. అదియే కలివికోడి. పొదలమాటున రాత్రివేళ దిరుగు ఆ పిట్టను వారు మరువలేదు. ఆ పేరును అడుగువారు లేకపోవుటయే ఎనుబదియారేండ్ల లోపము.

పరిసర విజ్ఞానము పాఠశాలలోనికి ప్రత్యేక విషయముగా వచ్చిన కథ ఇటీవలిది. 1972లో స్టాకుహోము నగరమున మానవ పరిసరములను గూర్చి ఐక్యరాజ్యసమితి మహాసభ జరిగెను. 1975లో మన జాతీయ విద్యాపరిశోధన శిక్షణ మండలివారు ప్రకటించిన పాఠ్యప్రణాళిక ప్రాథమిక తరగతులలో పరిసరముల విజ్ఞానమును ఒక విషయముగా జేర్చెను. 1976లో చేసిన నలుబదిరెండవ సవరణము అడవులను, చెరువులను, నదులను, వన్యమృగములను కాపాడుట పౌరుల ధర్మమని రాజ్యాంగమున లిఖించెను. 1991 నవంబరు 22వ తేదీన సుప్రీముకోర్టువారు ఈ విద్య నిర్బంధముగా నుండవలెనని తీర్పు చెప్పిరి. 2003లో దానిని అమలుపరచుటకై మరల ఆజ్ఞలిచ్చిరి.

ఇదే కాలమున మరియొక మార్పు వచ్చుచుండెను. ఆంధ్రప్రదేశమున 2019లో ప్రభుత్వ పాఠశాలలను ఇంగ్లీషు మాధ్యమమునకు మార్చు ఉత్తరువులు వెలువడెను; 2020 ఏప్రిలులో ఉన్నత న్యాయస్థానము వానిని కొట్టివేసెను. 2020-21 మొదలు ఒక పుట తెలుగును, ఎదుటి పుట ఇంగ్లీషును గల పాఠ్యపుస్తకములు పిల్లల చేతికి వచ్చెను. తెలంగాణమున 2022-23లో ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదవ తరగతివరకు ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టబడెను. తల్లిదండ్రులు దీనిని కోరుచున్నారు. కూలిచేసి బిడ్డను చదివించు తల్లికి ఇంగ్లీషు అన్నము పెట్టు భాషగా గనుపడుచున్నది. ఆ కోరికను పరిహసించు అధికారము మనకు లేదు. కావున మన యెదుటనున్న ప్రశ్న ఇంగ్లీషు వలయునా వలదా యనునది గాదు. ఆ బిడ్డ తన యూరి చెరువును మరువక ఇంగ్లీషు నేర్చుట యెట్లు అనునదే.

నేను కొంతకాలము కొల్లేటి యొడ్డున నున్న యొక పాఠశాలలో తెలుగు పండితుడుగా నుంటిని. ఒకనాడు సైన్సు మాస్టరుగారు సెలవుపై నుండుటచే ఆ తరగతి నాకప్పగింపబడెను. ఆహారపు గొలుసు పాఠము. పుస్తకమున గడ్డి, కుందేలు, నక్క ఇవి దృష్టాంతములు. పిల్లలు ఉత్పత్తిదారు మొదలు విచ్ఛిన్నకారివరకు ఇంగ్లీషు పదములను తడబడక చదివిరి. మన కొల్లేటిలో ఎవరినెవరు తిందురో ఇంగ్లీషున చెప్పుడని యడిగితిని. తరగతి యంతయు మౌనము వహించెను. అదే ప్రశ్న తెలుగున అడిగితిని. నాచును నత్త తినుననిరి. నత్తను నత్తగుల్లకొంగ తినుననిరి. చిన్న చేపలను కొరమీను మ్రింగునని యొకడు, గూడకొంగ సంచినోటితో పెద్ద చేపలనే పట్టునని మరియొకడు పోటీపడి చెప్పిరి. ఒక బాలిక లేచి, "కొరమీన్ని మేం తింటాం. మరి మమ్మల్నెవరు తింటారు మాస్టారూ?" అని యడిగెను. అందరును నవ్విరి. నేను నవ్వలేదు. ఆ ప్రశ్నలోనే పాఠము యొక్క ఆయువుపట్టు కలదు. మట్టిలోని సూక్ష్మజీవులవరకు ఆ ప్రశ్న మమ్ములను నడిపించెను. విచ్ఛిన్నకారికి ఇంగ్లీషులో చెప్పు డీకంపోజర్ అను మాట ఆనాడు వారికి మొదటిసారి అర్థవంతమయ్యెను. తరువాత వారే ఆ గొలుసును చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యములతో బల్లపై వ్రాసిరి. వ్యాకరణము కుంటినడక నడచెను. శాస్త్రము మాత్రము నిలుచుండెను.

ఇంగ్లీషు నేర్చుకొనువానికి కఠిన పదములకంటె సులభ పదములే యెక్కువ మోసము చేయును. పుస్తకమున టాంకు నీటిపారుదల యని యుండును. అది చెరువు. బాలుడెరిగిన టాంకు ఊరి నడుమ స్తంభములపై కట్టిన నీళ్ల తొట్టి. ప్లాంటు అనగా మొక్క. విద్యుత్తు తయారగు కర్మాగారమును ప్లాంటే. కన్స్యూమరు అను మాటను వాడు ఇంటి కరెంటు బిల్లుపై చూచియుండును. గడ్డి మేయు మేక కన్స్యూమరెట్లయ్యెనో వానికి బోధపడదు. గుర్రపుడెక్క సంగతి చూడుడు. దక్షిణ అమెరికానుండి వచ్చి మన కాలువలను కప్పివేసిన ఆ కలుపును ఇంగ్లీషున వాటరు హయసింతు అందురు. హయసింతు పువ్వును మన బాలుడు చూడలేదు. ఆకు గుర్రపు గిట్టవలె గుండ్రముగా నుండునని మనవారు పెట్టిన పేరు కంటికెదుట నిలుచును. ఆ పేరుతో మొదలుపెట్టి ఈ పేరుకు తీసికొనిపోయినచో రెండును నిలుచును.

ఇంగ్లీషు మాట మనకు పనికిరాదనుటయు పొరపాటే. కొల్లేరు 1999లో వన్యప్రాణి రక్షితస్థలముగ బ్రకటింపబడెను. సముద్రమట్టమునకు ఐదడుగుల యెత్తువరకు దాని హద్దు. 2002లో రామ్‌సారు జాబితాలోనికి ఎక్కెను. 2006లో ఆ హద్దులోపలి చేపల చెరువుల గట్లను తెగగొట్టిరి. ఆ ప్రాంతపు లంకగ్రామములలో బడి ముఖము చూడని ముదుసలియు ఐదో కాంటూరు, మూడో కాంటూరు అని తడబాటులేక పలుకును. తన బ్రతుకు ఆ గీతపై నాధారపడియున్నది గనుక ఆ పరాయిమాట వాని సొంతమయ్యెను. తరగతిలో కాంటూరు నిర్వచనమును పదిమారులు వ్రాసియు మరచు బాలునికిని వానికిని ఉన్న తేడా ఇదియే. అవసరము భాషను నేర్పును.

ఇచటనే అసలు చిక్కు కలదు. కొల్లేటి హద్దులను నిర్ణయించు పత్రములు, శాస్త్రజ్ఞుల నివేదికలు ఇంగ్లీషున నుండును. ఆ తరగతిలో కొందరు పిల్లల తండ్రులు ఆ చెరువులపై బ్రతికినవారు. కొందరి తండ్రులు వలవేసి బ్రతుకు బెస్తలు. కొంగకు నీరు వలయునని పుస్తకము చెప్పును. ఇంటికి కూడు వలయునని వారెరుగుదురు. ఈ రెండింటిని తూచి మాటాడగల వయస్సు వారికి వచ్చునప్పటికి భాష కూడ రావలెను. సగము వచ్చిన భాషలో మనిషి పరీక్ష వ్రాయగలడు. తన పక్షమున వాదింపలేడు.

మరియొక నిదర్శనము. నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములలో దుక్కిటెద్దుల కీళ్లు బిగిసి నడువలేకపోవుట రైతులు ముందుగా గమనించిరి. పిదప మనుష్యులకును ఆ బాధ కలుగుట కనుపడెను. 1937లో వైద్యపరిశోధకులు నీటిలోని ఫ్లోరైడు దీనికి కారణమని ఇంగ్లీషున ప్రకటించిరి. మన దేశమున ఈ వ్యాధిని గూర్చిన తొలి శాస్త్రీయ ప్రకటన అదియే. లీటరు త్రాగునీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని నేటి ప్రమాణము. తరువాతి కాలమున నాగపురమునందలి పరిశోధనాలయమువారు పటికయు సున్నమును గలిపి నీటిని శుద్ధిచేయు పద్ధతి నొకదానిని రూపొందించిరి. దానికి లోకమంతట నల్లగొండ పద్ధతియనియే పేరు. ఎద్దును చూచినవాడు రైతు. నీటిని కొలిచినవాడు శాస్త్రజ్ఞుడు. ఇరువురి మాట కలిసినప్పుడే మందు దొరకినది.

కావున ఉపాధ్యాయ సోదరులకు నేను మనవి చేయునది కొద్దియే. రస్సెల్, రాక్స్‌బర్గులు మన తీరమున నడచిన క్రమముననే మన పిల్లలను నడిపింపుడు. మొదట వస్తువును చూపుడు. చెరువు కట్టకు, తూమువద్దకు, అలుగువద్దకు తీసికొనిపొండు. వారెరిగినదంతయు తెలుగున చెప్పనిండు. ఇంటికి బోయి అవ్వతాతలనడిగి తెచ్చిన పేళ్లను పట్టికగా వ్రాయింపుడు. ఆ పేరు ప్రక్కన ఇంగ్లీషు పేరును, దాని ప్రక్కన బొమ్మను చేర్పింపుడు. పిదప ఒక్కొక్క విషయమును రెండు మూడు చిన్న ఇంగ్లీషు వాక్యములతో చెప్పింపుడు. ఎదురెదురు పుటల పుస్తకము చేతనున్నచోట తెలుగు పుటను ఇంగ్లీషు రానివాని ఊతకర్రగా జూడక, రెండు పుటలను ప్రక్కప్రక్కన బెట్టి చదివింపుడు. దిద్దునప్పుడు శాస్త్రమునకు వేరుగను, భాషకు వేరుగను మార్కులిండు. వాక్యము తప్పినదని నిజము చెప్పినవానిని ఓడింపకుడు. వాక్యము చక్కగానున్నదని తెలియనివానిని గెలిపింపకుడు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. మీ బిడ్డ బడినుండి వచ్చి ఇంగ్లీషున నొక చెట్టు పేరు చెప్పినచో సంతోషింపుడు. అంతటితో విడువక, ఆ చెట్టును మనమేమందుమో, అది యెచ్చటనున్నదో, దేనికి పనికివచ్చునో మీరు చెప్పుడు. మీకు చదువు లేదని సంకోచింపవలదు. రెండువందల ముప్పదియేండ్ల క్రిందట సీమపండితులు నోటుపుస్తకము చేతబట్టి పేళ్లడిగినది మీ వంటివారినే. ఇప్పుడడుగువాడు మీ యింటి బిడ్డ. వానికి కూడ చెప్పుడు. సెలవు.